తిరుపతి, చిత్తూరు సైడు వింత కేసులు, దయ్యాల కతలు (ఫార్వర్డులు పెడితే లేపేస్తాం)

లీలామహల్_సర్కిల్:
నిద్ర పట్టని వాళ్ల కోసం ఈ చర్చ. రూల్ ఒక్కటే. మన తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల నిజంగా జరిగింది గానీ, జరిగిందని ఊరు ఊరంతా నమ్మేది గానీ రాయండి. "స్వామివారి విగ్రహం వెనక చెవి పెడితే సముద్రం హోరు వినిపిస్తుంది" బాపతు ఫార్వర్డులు వద్దు. ఆయన ముందు మనల్ని అర సెకను నిలబడనివ్వరు, వెనక్కి పోయి చెవి పెట్టిందెవరో ముందు చెప్పండి.

బోణీ నాది. 2023 సెప్టెంబర్ 24, బ్రహ్మోత్సవాల టైము. కొండ మీద భక్తుల్ని ఉచితంగా తిప్పే ఎలక్ట్రిక్ బస్సు ఒకటి తెల్లవారుజామున మాయమైంది. పర్సు కాదు, చెప్పులు కాదు, బస్సు! ఎవడో ఎక్కి స్టీరింగ్ ముందు కూర్చుని, ఘాట్ రోడ్డు దిగి, తిరుపతి దాటి, దర్జాగా నాయుడుపేట వైపు తోలుకుపోయాడు. అక్కడ ఛార్జింగ్ అయిపోయింది. బస్సును రోడ్డు మీద వదిలేసి మనిషి జంప్. జీపీఎస్ చూసి వెనక్కి తెచ్చుకున్నారు.

కపిలతీర్థం_కోతి:
ఈ కేసులో నాకు నచ్చేది అలిపిరి. మనం పైకి పోతుంటే సంచీ విప్పించి, లోపలున్న సంచీని కూడా విప్పించి, అగ్గిపెట్టె ఎందుకు తెచ్చావని అడుగుతారు. కిందికి బస్సుకు బస్సే దిగిపోతుంటే మాత్రం గోవిందా గోవిందా.

బెంగళూరా_కాయ:
ఉచిత బస్సే కదబ్బా. టికెట్ లేకుండా ఎక్కినాడు, కాస్త ఎక్కువ దూరం పోయినాడు. దొంగతనం యాడుంది ఇందులో?

రేణిగుంట_జంక్షన్:
టెక్నికల్ మాట ఒకటి. ఎలక్ట్రిక్ బండి దిగుడులో పోతుంటే బ్రేకు వేసిన కొద్దీ కరెంటు మళ్లీ బ్యాటరీలోకి వస్తుంది. అంటే కొండ దిగినంత సేపూ వాడికి ఏడుకొండలవాడే ఛార్జింగ్ పెట్టాడన్నమాట. సమతలం వచ్చాక చెయ్యి వదిలేశాడు.

బెంగళూరా_కాయ:
దొంగకు కూడా అర్ధ దర్శనమే దొరికింది.

మూడోమెట్టు:
నేనొకటి అడగాలి, ఎగతాళి చెయ్యొద్దు. మా మేనమామ వాళ్లతో తలకోన పోయి రాత్రి అక్కడే ఉన్నాం. భోజనాలయ్యాక రాళ్ల సందుల్లోంచి అరుపు మొదలైంది. ఆగుతుంది, మళ్లీ అరుస్తుంది. పిట్ట అరుపు కాదు, కప్ప అసలే కాదు. టార్చ్ వేస్తే నిలువు బండ తప్ప ఏమీ లేదు. మా అత్త అయితే "కొండదేవర పిలుస్తాడు, ఎవరూ పలకొద్దు" అని మా నోళ్లు మూయించింది. మామయ్య మాత్రం ఏదీ పట్టనట్టు గురక పెట్టాడు. దయచేసి ఎవరికైనా తెలిస్తే చెప్పండి, మా ఇంట్లో ఇప్పటికీ దీని మీద గొడవే.

శేషాచలం_బీటు:
బాబూ, నేను అడవి శాఖలో చేసి రిటైర్ అయినవాణ్ణి. మీరు విన్నది బంగారు బల్లి అయివుంటుంది. నిజంగానే బల్లి. మగది పసుపు పచ్చగా బంగారు రంగులో ఉంటుంది, పగలంతా బండల పగుళ్లలో దాక్కుని రాత్రిళ్లు బయటికొస్తుంది. నీటి చెమ్మ ఉండే బండలంటే దానికి ఇష్టం. గొంతు మాత్రం ఒంటికి మించినది. 1870లో బెడ్డోం అనే ఇంగ్లీషు దొర దీన్ని గురించి రాశాడు. ఆ తర్వాత నూరేళ్లకు పైగా శాస్త్రవేత్తలకు కనబడలేదు, లేనే లేదనుకున్నారు. 1980లలో మళ్లీ మన తిరుమల కొండల్లోనే దొరికింది. ఆ నూరేళ్లూ అది అరుస్తూనే ఉంది, మన అత్తలు దానికి పలకొద్దని చెబుతూనే ఉన్నారు.

మూడోమెట్టు:
బల్లికి భయపడి ఆ రాత్రంతా ఎనిమిది మందిమి ఒకే గదిలో పడుకున్నామా సార్!

కపిలతీర్థం_కోతి:
పైగా బంగారం అంటున్నారు పెద్దాయన. ఇంకో గంటలో ఎవడో "కిలో ఎంత" అని అడుగుతాడు చూడండి.

శేషాచలం_బీటు:
అడిగారు కూడా. బంగారు బల్లికి కాదు గానీ దేవాంగపిల్లికి అడుగుతారు. ఇది నవ్వే విషయం కాదు, అయినా చెబుతాను. పిడికెడు మనిషిలా ఉంటుంది, ముఖమంతా కళ్లే, చెట్టుకొమ్మ మీద ఒక్కో చెయ్యీ ఆచితూచి వేస్తూ నడుస్తుంది. పురుగులు తిని బతుకుతుంది. దీని కాలో చెయ్యో విరిస్తే శత్రువుకు అదే కాలు, అదే చెయ్యి పోతుందని ఒక మూఢనమ్మకం. ఒకసారి తనిఖీలో గోనెసంచి విప్పితే లోపల ఒకటుంది. బయటికి తీస్తుంటే నా చూపుడు వేలు పట్టుకుంది. భలే పట్టు. విడిపించడానికి ఒక్కో వేలూ లాగాల్సి వచ్చింది, ఆ వేళ్లు అగ్గిపుల్లంత కూడా లేవు. శత్రువు కాలు విరిగినట్టు ఏ రికార్డులోనూ లేదు. కొన్నవాడికి మాత్రం వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలు కింద కేసు పడుతుంది.

బెంగళూరా_కాయ:
అంత కోపం ఉన్నోడు తిన్నగా పోయి శత్రువునే కొట్టొచ్చు కదా. మధ్యలో ఆ మూగజీవం ఏం చేసింది?

కోర్టు_వెనక_టీకొట్టు:
తిన్నగా కొట్టేవాళ్లు మాకు చిత్తూరు కోర్టులో రోజూ కనబడతారు. పిల్లిని కొనేది ధైర్యం లేనివాళ్లే.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
2017లో విశాఖలో కట్టే బిల్డింగులో గ్రహాంతరవాసులు దొరికారని వీడియో వచ్చింది, గుర్తుందా? తెల్లటి ముఖాలు, నల్లటి కళ్లు, నిటారుగా నిలబడి కెమెరా వైపే చూస్తుంటాయి. మా వార్డులో అందరం చూసి వణికిపోయాం. చివరికి గుడ్లగూబ పిల్లలు. ఇంకా ఈకలు కూడా సరిగ్గా రాలేదు పాపం. అన్ని గ్రహాలు వదిలేసి మన ఇసుక, సిమెంటు మధ్యకొచ్చి దిగుతారా ఎవరైనా!

లీలామహల్_సర్కిల్:
చిరుతల సంగతి ఎవరూ ఎత్తట్లేదేం?

మూడోమెట్టు:
2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత ఎత్తుకుపోయింది. దాని మీద ఏం నవ్వుతాం అన్నా. అంతకు ముందు జూన్‌లో ఒక బాబును కూడా పట్టుకుంది, వాడు బతికి బయటపడ్డాడు.

కపిలతీర్థం_కోతి:
పాప సంగతి పక్కన పెడదాం, అది ఏ ఇంటికీ రాకూడదు. తర్వాత జరిగింది మాట్లాడుకుందాం. మధ్యాహ్నం 2 దాటితే పిల్లల్ని నడకదారిలోకి పంపొద్దన్నారు, బోన్లు పెట్టారు, చిరుతలు ఒకదాని వెనక ఒకటి వాటిలో పడ్డాయి, అంతవరకు బాగుంది. ఆ తర్వాత భక్తులకు తలా ఒక కర్ర ఇచ్చారు! మా బావ హైదరాబాదు నుంచి వచ్చి ఆ కర్ర పట్టుకుని ఫోటో పెట్టాడు. ఆ మనిషి ఇంట్లో బొద్దింక కనబడితే మా అక్కను కేకేస్తాడు. చిరుత వచ్చుంటే ఆ కర్ర కూడా మా అక్కకే ఇచ్చేవాడు.

శేషాచలం_బీటు:
కర్ర అనేది చిరుతను కొట్టడానికి కాదు. చేతిలో కర్ర ఉన్నవాడు గుంపు వదిలి పోడు, చప్పుడు చేస్తూ నడుస్తాడు. చిరుత నిటారుగా నిలబడ్డ పెద్ద మనిషి జోలికి మామూలుగా రాదు, చిన్న ఆకారం ఒంటరిగా దొరికితేనే ప్రమాదం. దారి పొడుగునా తిండి పారేస్తే కుక్కలు, పందులు చేరతాయి. వాటి కోసం చిరుత దిగుతుంది. ఇదంతా చెబితే ఎవరూ వినరు గానీ కర్ర ఇస్తే మాత్రం అందరికీ గుర్తుంది.

రేణిగుంట_జంక్షన్:
2024 ఫిబ్రవరిలో మన ఎస్వీ జూలో ఒకాయన సింహం ఉండే చోటికి గోడ ఎక్కి దూకాడు. బతకలేదు. సెల్ఫీ కోసమని కొందరు, తాగున్నాడని కొందరు, మా ఆఫీసులో అయితే వారం రోజులు ఇదే పంచాయితీ. సింహం తప్పేమీ లేదనే దగ్గర మాత్రం అందరూ కలిశారు. అది ఎవరింటికీ పోలేదు, దానింటికే ఈయన పోయాడు.

బెంగళూరా_కాయ:
జంతువులు చాలు సామీ. దయ్యాలేవీ?

కోర్టు_వెనక_టీకొట్టు:
నా చిన్నప్పుడు మా వీధిలో ప్రతి తలుపు మీదా "ఓ స్త్రీ రేపు రా" అని బొగ్గుతోనో సున్నంతోనో రాసి ఉండేది. రాత్రి ఆడదయ్యం వచ్చి తెలిసినవాళ్ల గొంతుతో పిలుస్తుంది, తలుపు తీస్తే మగాడు ఫట్. రాత చదివితే రేపు వద్దాంలే అని వెనక్కి పోతుంది. మర్నాడు వచ్చి మళ్లీ చదువుతుంది, మళ్లీ పోతుంది. మా జిల్లాలో ఏ ఆఫీసులోనూ ఇంత ఓపిగ్గా తిరిగే మనిషిని చూడలేదు నేను. మాది బార్డర్ కదా, ఎదురింటాయన కింద అరవంలో కూడా రాయించాడు. వేలూరు నుంచి వచ్చే దయ్యమైతే ఏం చేస్తాం, ఎందుకైనా మంచిదని.

కపిలతీర్థం_కోతి:
చదువురాని దయ్యం వచ్చుంటే వీధి మొత్తం ఖాళీ.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
ఆ కాలం పుకారు తలుపు మీద రాతతో పోయింది, ఎవరికీ నష్టం లేదు. 2018 మే నెల గుర్తు చేసుకోండి. పార్థీ అనే దొంగల ముఠా దిగింది, పిల్లల్ని ఎత్తుకుపోతారు, కిడ్నీలు తీస్తారని రాయలసీమ మొత్తం వాట్సాప్‌లో తిరిగింది. ఊరికి కొత్తగా ఎవరు కనబడినా, మతిస్థిమితం లేనివాళ్లు కనబడినా చెట్టుకు కట్టేయడమే. అదే నెలలో తమిళనాడులో తిరువణ్ణామలై జిల్లా పోలూరు దగ్గర, కులదైవం గుడికి దారి అడగడానికి కారాపిన కుటుంబాన్ని ఊరంతా కలిసి కొట్టింది. పిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు, అదే వాళ్లు చేసిన నేరం. అరవై దాటిన పెద్దావిడ ప్రాణం పోయింది. కొట్టినవాళ్లలో ముఠా ఎవరూ లేరు, అందరూ మనలాంటి వాళ్లే, ఇంట్లో పిల్లలున్న వాళ్లు.

రేణిగుంట_జంక్షన్:
ఆ తర్వాతే జులైలో వాట్సాప్ వాళ్లు మన దేశంలో ఒకేసారి ఐదుగురికి మించి ఫార్వర్డ్ చేయకుండా పెట్టారు. మా పిన్ని ఆ రూల్ వచ్చినప్పటి నుంచి ఐదేసి మంది చొప్పున విడతలుగా పంపుతుంది.

మూడోమెట్టు:
దీనికి మదనపల్లె కేసు కూడా

గట్టుమీద_తాత (మోడరేటర్):
మదనపల్లె మీద వచ్చిన రెండు పోస్టులు తీసేశాను. జోకులేశారు కాబట్టి. కొత్తవాళ్ల కోసం సంగతి నేనే రాస్తాను. 2021 జనవరి 24 రాత్రి, బాగా చదువుకున్న తల్లిదండ్రులు ఇంట్లోనే తమ ఇద్దరు కూతుళ్లను చంపారు. పెరిగి పెద్దయిన, చదువుకున్న పిల్లలు. తెల్లవారితే కలియుగం అయిపోయి సత్యయుగం వస్తుందని, పిల్లలు మళ్లీ లేస్తారని పోలీసులకు చెప్పారు. ఒక్క రోజు ఆగండి, మీరే చూస్తారన్నారు. తర్వాత మానసిక వైద్యుల దగ్గరికి పంపారు. దయ్యాల మీద, దొంగల మీద ఎంతైనా నవ్వుకోండి, ఇక్కడ వద్దు.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
థాంక్స్ తాతా. ఒక్క మాట. ఇంట్లో ఎవరైనా నిద్ర మానేసి, రోజంతా ఒకే నమ్మకం పట్టుకుని, అది కాదన్న వాళ్లందరినీ శత్రువులుగా చూస్తుంటే, దిష్టి తీయడం తర్వాత, ముందు సైకియాట్రీ ఓపీకి తీసుకురండి. మా దగ్గరికి వచ్చేసరికి ముగ్గురు మంత్రగాళ్లు, ఇద్దరు స్వాములు అయిపోయి ఉంటారు. ఓపీ చీటీ వాళ్లందరి దక్షిణ కంటే చవక.

బెంగళూరా_కాయ:
సరే, కాస్త తేలిక చేద్దాం. కాణిపాకం ప్రమాణం గురించి చెప్పు టీకొట్టన్నా, నీకు బాగా తెలుసు కదా.

కోర్టు_వెనక_టీకొట్టు:
మా సైడు ఏ ఊళ్లో ఏది పోయినా మొదటి మాట "కాణిపాకం వస్తావా?" కోనేట్లో మునిగి, తడి బట్టలతో వినాయకుడి ముందు నిలబడి నేను తియ్యలేదని చెప్పాలి. అబద్ధం చెబితే ఆయన ఊరుకోడని గట్టి నమ్మకం. రాజకీయ నాయకులు కూడా టీవీలో సవాళ్లు విసురుకునేది ఈ గుడి పేరు మీదే, అయితే వాళ్లు కోనేరు దాకా వచ్చేది తక్కువ.

మా పెద్దమ్మ వాళ్ల ఊళ్లో వెండి పట్టీలు పోయాయి, పెళ్లికి పెట్టినవి. ఆరోజు ఇంటికి వచ్చిపోయిన ఐదుగురి మీద అనుమానం. పెద్దమనుషులు కూర్చున్నారు, పోలీసులొద్దు, ఆదివారం అందరినీ ఆటోలో కాణిపాకం తీసుకుపోదాం అన్నారు. శనివారం పొద్దున వడ్ల బస్తా కింద పట్టీలు దొరికాయి. ముందు రోజే ఆ బస్తాలన్నీ జరిపి, కింద ఊడ్చి మరీ వెతికారు. ఒక పట్టీకి మువ్వ ఊడిపోయి, పసుపు దారంతో కట్టి ఉంది. పోయినప్పుడు ఆ దారం లేదు. పెద్దమ్మ పట్టీలు కడిగి పెట్టెలో పెట్టుకుని, ఆటో అడ్వాన్సు వెనక్కి అడగలేదు.

మూడోమెట్టు:
దొంగతనం చేసి రిపేరు కూడా చేసిచ్చారా!

కోర్టు_వెనక_టీకొట్టు:
ఇది మరీ గాలి వ్యవహారం కూడా కాదు తమ్ముడూ. 1873 నాటి ప్రమాణాల చట్టంలో, ఎదుటి పక్షం ఫలానా విధంగా ఒట్టు వేస్తే దానికి కట్టుబడి ఉంటానని కోర్టులోనే అనేందుకు వీలుండేది. 1969 చట్టం వచ్చి దాన్ని తీసేసింది. వినాయకుడు అప్పటి నుంచి ప్రైవేటు ప్రాక్టీసే.

బెంగళూరా_కాయ:
కాణిపాకం పక్కనే బాహుదా నది కత ఉంది కదా, అది అసలు మన జిల్లా మొదటి క్రైమ్ వార్త. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు గుడికి నడిచిపోతాండారు. తమ్ముడికి ఆకలేసి అడగకుండా ఒక మామిడిపండు కోసుకుని తిన్నాడు. అన్న పట్టుకుపోయి రాజుకు అప్పజెప్పినాడు. రాజు రెండు చేతులూ నరికించినాడు. ఏట్లో మునిగితే చేతులు మళ్లీ మొలిచినాయి, అందుకే దానికి బాహుదా అని పేరు. ఒక్క మామిడిపండుకు! 2025లో మా తోతాపురి కాయకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 కలిపి కిలో 12 అన్నారు. ట్రాక్టర్లు గేటు ముందు రోజుల తరబడి నిలబడి కాయ అక్కడే కుళ్లిపోయింది. ఇప్పుడు మా తోటలోకి ఎవడైనా దొంగ వస్తే గోతం నేనే పట్టి ఇస్తా.

కపిలతీర్థం_కోతి:
రాజుగారు ఉండుంటే ఈ ధరకు రైతు చేతులు నరికించేవాడు, అమ్మినందుకు.

తాతయ్యగుంట_అక్క:
మొదటి క్రైమ్ వార్త అంటే మా తిరుపతి గ్రామదేవత గంగమ్మది కదా, మామిడిపండు ఏంది. పాళెగాడు ఒకడు ఊళ్లో కొత్త పెళ్లికూతుళ్లను వదిలేవాడు కాదు. గంగమ్మ వాడికి ఎదురు తిరిగితే భయపడి దాక్కున్నాడు. ఆమె బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, ఇట్లా రోజుకొకటి వేసి ఊరంతా గాలించింది. చివరికి దొర వేషంలో పోతే, పైవాడెవరో వచ్చాడనుకుని బయటికొచ్చాడు, తల తెగింది. చెడ్డపని చేసేవాడు ఎవరికీ రాకపోయినా దొర పిలిస్తే వస్తాడని మా నాయనమ్మ అనేది. ఇంకా వినండి. మర్నాడు మాతంగి వేషంలో వాడి పెళ్లాం దగ్గరికి పోయి ఓదార్చి వచ్చింది గంగమ్మ.

రేణిగుంట_జంక్షన్:
హత్య చేసి పరామర్శకు పోవడం! ఇప్పటి ఫ్యాక్షన్ వాళ్లు కూడా అంత పద్ధతిగా చెయ్యరు అక్కా.

తాతయ్యగుంట_అక్క:
నవ్వు, నవ్వు. మే నెలలో జాతరకు వస్తావు కదా, బండ వేషం కట్టినవాళ్ల చేత నిన్ను తిట్టిస్తా. ఆ బూతులకు ఎవరూ ఎదురు మాట్లాడకూడదు, గుర్తుపెట్టుకో.

లీలామహల్_సర్కిల్:
దొంగల దగ్గరికే మళ్లీ వస్తున్నా. 2019 ఫిబ్రవరి, మన గోవిందరాజస్వామి గుడిలో మూడు బంగారు కిరీటాలు పోయాయి. ఉపాలయంలో ఉత్సవమూర్తులవి, మొత్తం కిలో మూడు వందల గ్రాముల పైమాటే. ఏప్రిల్‌లో దొంగ దొరికాడు, మహారాష్ట్ర మనిషి. అప్పటికే కరిగించేశాడు.

కపిలతీర్థం_కోతి:
గోవిందరాజులు ఎందుకు పడుకుని ఉంటాడో తెలుసు కదా. తమ్ముడి పెళ్లి అప్పు కుబేరుడికి కట్టడానికి డబ్బు కొలిచి కొలిచి అలిసిపోయి, కుంచం తలకింద పెట్టుకుని పడుకున్నాడట. క్యాషియర్ నిద్రపోతే కిరీటాలు పోక ఏమవుతాయి.

మూడోమెట్టు:
అసలు ఆ అప్పు ఇంకా ఎంతుంది?

కోర్టు_వెనక_టీకొట్టు:
అసలు కట్టక్కర్లేదు. ప్రోనోటు రాసిన మూడేళ్లలో దావా వెయ్యకపోతే కాలదోషం పడుతుంది, 1963 లిమిటేషన్ చట్టం. కుబేరుడు కోర్టుకు వచ్చింది లేదు. స్వామివారు హాయిగా హుండీ ఇంటికి తీసుకుపోవచ్చు.

రేణిగుంట_జంక్షన్:
అది కాదన్నా, కంతులు కడుతుంటే గడువు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది కదా? మా బ్యాంకులో అదే చెబుతారు. రోజూ హుండీలో పడేది వడ్డీ కిందే జమ అని కదా కత.

కోర్టు_వెనక_టీకొట్టు:
సెక్షన్ 19. కరెక్టే. అయితే కట్టినట్టు అప్పున్నవాడి చేతి రాతో సంతకమో ఉండాలి. ఉందా?

కపిలతీర్థం_కోతి:
సాక్షులు బ్రహ్మ, శివుడు. సమన్లు ఏ అడ్రసుకు పంపుతావు?

తాతయ్యగుంట_అక్క:
మీరు ఆడపడుచును మర్చిపోయారు. గంగమ్మ ఆయన చెల్లెలు, జాతరకు ప్రతి ఏడూ కొండ మీది నుంచి చీర సారె వస్తుంది. అన్న అప్పుల్లో ఉన్నాడని చెల్లెలి చీర ఏనాడూ ఆగలేదు, లెక్కలో అది కూడా రాసుకోండి లాయరు గారూ.

కోర్టు_వెనక_టీకొట్టు:
అయ్యో, అప్పుండగా ఆస్తి బయటికి పంపిస్తున్నాడని కుబేరుడి లాయరు పట్టుకుంటాడు అక్కా, ఇది పబ్లిక్‌గా రాయొద్దు. తాతా, ఆ పోస్టు తీసెయ్యి.

గట్టుమీద_తాత (మోడరేటర్):
తియ్యను. నేను కుబేరుడి వైపు.